నాల్గవ స్థానము



గోదావరిఖనిలో తెల్లవారకముందే ఫస్టు షిఫ్టుకు పోయేవారితోపాటు మన కాలేజీ పిల్లలు కొందరు ఇల్లు విడిచి సింగరేణి స్టేడియానికి బయలుదేరుతారు. కొందరికి ఆట మీద ఇష్టము, చాలామందికి ఉద్యోగము మీద ఆశ. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలలో క్రీడాకారులకు 2 శాతం కోటా ఉన్నది. యూనివర్సిటీ జట్టులో చోటు, చేతిలో ఒక సర్టిఫికెట్టు అనేవి బాయి పనిలో ఒళ్ళు అరగదీసుకున్న తండ్రికి చిన్న విషయాలు కావు.

ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మా సంఘపు తల్లి ఒకామె కొంగు చాటున పొడి డబ్బా తెచ్చింది. "అయ్యగారూ, పిల్లగాడు దీన్ని పాలల్ల కలుపుకొని తాగుతుండు. సూదులు గూడ తీసుకుంటె ఇంకా జోరుగ ఉరుకుతవని ఎవరో చెప్పిన్రట. మంచిదేనా?" అని అడిగింది. డబ్బాలో ఏమేమి కలిపారో దానిమీద సరిగా వ్రాసి లేదు.

2023 సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలకు డోపింగు పరీక్షల అధికారులు వచ్చారని తెలియగానే అనేకులు మైదానము విడిచి పారిపోయారు. పురుషుల 100 మీటర్ల ఫైనలులో ఒక్కడే పరుగెత్తాడు. 2024లో మన దేశములో పరీక్షించిన 7,113 నమూనాలలో 260 నమూనాలలో నిషిద్ధ పదార్థాలు దొరికాయి. ఇటువంటి స్టెరాయిడ్లతో పట్టుబడితే సాధారణంగా నాలుగేండ్ల నిషేధము. కాలేజీ చదువే అంతలో ముగిసిపోతుంది. "తెలియక తిన్నాను" అన్నంత మాత్రాన తప్పించుకోలేరు. శరీరములో దొరికినదానికి ఆటగాడే బాధ్యుడు. కొన్ని దగ్గు, జలుబు మందులలోనూ నిషిద్ధ పదార్థాలు ఉంటాయి గనుక, పోటీలకు వెళ్ళే పిల్లలు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. సూదుల వలన కాలేయము, గుండె చెడిపోవచ్చు.

ఇదంతా ఆ అబ్బాయికి చెప్పాము. "అందరు వాడుతుంటే నేనొక్కన్నే ఎనకబడాల్నా అయ్యగారూ?" అన్నాడు. పౌలు తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో జెట్టిని గూర్చి చెప్పిన మాట చూపించాము. అతడు డబ్బా మానివేశాడు, సూదుల జోలికి పోలేదు. కాలేజీల మధ్య జరిగిన పోటీలలో 400 మీటర్ల పరుగులో నాల్గవవాడుగా వచ్చాడు. జట్టులో చోటు దొరకలేదు. తండ్రి రెండు రోజులు మాట్లాడలేదట.

తరువాతి ఆదివారము, అలవాటు చొప్పున, బహుమతులు తెచ్చిన పిల్లలను ముందుకు పిలిచి చప్పట్లు కొట్టించాము. అప్పుడు వెనుక వరుసలో తల వంచుకొని కూర్చున్న ఆ అబ్బాయి కనబడ్డాడు. మోసముతో గెలువవద్దని బోధించిన మేమే గెలిచినవారిని మాత్రమే లెక్కించాము. సిగ్గుపడ్డాము.

ఆ సాయంత్రము వారింటికి వెళ్ళి, తండ్రి ఎదుటనే అతనిని క్షమాపణ అడిగాము. తండ్రి చాలాసేపు నేల చూస్తూ ఊరుకున్నాడు. తరువాత లేచి, "పొద్దుగాల నేను డ్యూటీకి పోంగ నిన్ను గ్రౌండుకాడ దించుత, లే" అన్నాడు.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ మైదానము నుండి వచ్చినప్పుడు మీరు మొట్టమొదట ఏమని అడుగుతున్నారు?