చెబితే చదువు మాన్పిస్తారా?

కాలేజీలు తెరిచే రోజుల్లో మంచిర్యాల రైల్వే స్టేషన్‌కి ఒకసారి వెళ్లి చూడండి. శ్రీరాంపూర్, నస్పూర్ కాలనీల నుంచి వచ్చిన ఆటోలు వరసగా ఆగి ఉంటాయి. ఒక చేతిలో బకెట్, మరో చేతిలో పచ్చడి డబ్బాతో అమ్మాయిలు భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ కోసం ఎదురు చూస్తుంటారు. నైట్ షిఫ్ట్ దిగి, కన్ను మూయకుండానే వచ్చిన తండ్రి పెట్టె పైకెక్కించి 'పైలం బిడ్డా' అంటాడు. దేని నుంచి పైలం? ఏమన్నా అయితే ఎవరికి చెప్పాలి? అంతవరకు మాట సాగదు. రైలు కదులుతుంది.

బొగ్గుబాయిలో చెమటోడ్చిన ఇళ్ల నుంచి అమ్మాయిలు కరీంనగర్ శాతవాహనకు, వరంగల్ కాకతీయకు, హైదరాబాద్ ఉస్మానియాకు వెళ్తున్నారు. చాలా ఇళ్లలో డిగ్రీ గడప తొక్కుతున్న మొదటి ఆడపిల్ల ఆమే. అక్కడ ఎవరైనా చెయ్యి పట్టుకున్నా, అంతకన్నా ఘోరం జరిగినా ఆ పిల్లకు ముందు గుర్తొచ్చేది పోలీస్ స్టేషన్ కాదు, ఇల్లు. 'బాపుకు తెలిస్తే చదువు మాన్పిస్తడు, వచ్చే మాఘంలో పెళ్లి చేస్తడు' అనే భయం. నేరం చేసినవాడు తరగతిలో కూర్చుంటాడు, ఈమె పుస్తకాలు సర్దుకుని ఇంటికి రావాలి! ఈ లెక్క తెలిసిన అమ్మాయి నోరు ఎందుకు విప్పుతుంది?

మన 'జాగ్రత్త'లన్నీ చీకటి గురించి, తెలియనివాళ్ల గురించే. క్యాంపస్‌లో మాత్రం ముప్పు తరచూ తెలిసినవాళ్ల రూపంలోనే వస్తుంది. నోట్సు ఇచ్చే సీనియర్, స్నేహితుడనుకున్న క్లాస్‌మేట్, మార్కులు చేతిలో పెట్టుకున్న గురువు. 2022 డిసెంబరులో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థాయ్‌లాండ్ నుంచి వచ్చిన విద్యార్థిని ఒక ప్రొఫెసర్ తన మీద లైంగిక దాడికి ప్రయత్నించాడని ఫిర్యాదు చేసింది. పోలీసులు ఆయన్ని అరెస్టు చేశారు, యూనివర్సిటీ సస్పెండ్ చేసింది. వందలాది విద్యార్థులు మెయిన్ గేటు దగ్గర బైఠాయించారు. అమ్మానాన్నలు సముద్రాల అవతల ఉన్న పిల్లకు ఆ రాత్రి తోడు నిలిచింది తోటి విద్యార్థులే. 2025 జనవరిలో మేడ్చల్ దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్లో తమను రహస్యంగా వీడియో తీశారంటూ అమ్మాయిలు రోడ్డెక్కారు. పదిమంది కలిసి అడిగితేనే కదలిక వస్తుందంటే, ఒంటరిగా ఉన్న అమ్మాయి సంగతేమిటి?

అందుకే మొదటి మాట ఇంట్లో పడాలి. రైలెక్కేముందే చెప్పండి... 'ఏం జరిగినా మాకు చెప్పు, నీ చదువు మాత్రం ఆగదు' అని. ఆమె ఫోన్ చేసి ఏడ్చిన రోజున 'అక్కడికి ఎందుకు పోయినవ్?', 'ముందే ఎందుకు చెప్పలె?' అని అడగకండి. 'నీ తప్పు లేదు, ఇప్పుడు ఎక్కడున్నవ్, పక్కన ఎవరున్నరు?' అని అడగండి. నలుగురికీ తెలుస్తుందేమోనని వెనకాడేవాళ్లకు ఒక మాట. అత్యాచార బాధితురాలి పేరు, ఆనవాలు పత్రికల్లోనైనా టీవీల్లోనైనా బయటపెట్టడం నేరం.

ఆ తర్వాత గంటలు చాలా విలువైనవి. స్నానం చేయాలనిపిస్తుంది, బట్టలు ఉతికేయాలనిపిస్తుంది. వీలైతే రెండూ ఆపి, ఆ బట్టల్ని ప్లాస్టిక్ కవర్లో కాకుండా కాగితం సంచిలో పెట్టి ఆసుపత్రికి వెళ్లాలి. అప్పటికే స్నానం చేసేసినా ఫర్వాలేదు, వెళ్లడం మాత్రం మానకూడదు. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, గర్భం రాకుండా వేసుకునే మాత్ర ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది. సర్కారు దవాఖానా అయినా, ప్రైవేటు ఆసుపత్రి అయినా అత్యాచార బాధితురాలికి వెంటనే ఉచితంగా వైద్యం చేయాలి. పోలీసులకు కబురు వాళ్లే చేస్తారు. 'ముందు కేసు పెట్టి రండి' అని తిప్పి పంపడానికి చట్టం ఒప్పుకోదు. రెండు వేళ్ల పరీక్ష చేయకూడదని సుప్రీంకోర్టు 2022లో గట్టిగా చెప్పింది. ఘటన వరంగల్లో జరిగినా శ్రీరాంపూర్ స్టేషన్లోనే 'జీరో ఎఫ్ఐఆర్' రాయించుకోవచ్చు. 'మా పరిధి కాదు' అనే మాట చెల్లదు. 181కి ఫోన్ చేస్తే సఖి కేంద్రం దారి చూపుతారు. వెంటపడి వేధించేవాళ్ల సంగతికి షీ టీమ్స్ ఉన్నాయి. 2014లో హైదరాబాద్‌లో మొదలై ఇప్పుడు మన రామగుండం కమిషనరేట్ దాకా వచ్చాయి.

ఇక కాలేజీ. రాజస్థాన్‌లో భన్వరీ దేవి మీద 1992లో జరిగిన అత్యాచారం 1997లో విశాఖ తీర్పుకు, అది 2013 చట్టానికి దారితీశాయి. ఆపైన యూజీసీ నియమాలు వచ్చాయి. ప్రతి కాలేజీలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. దానికి ఒక సీనియర్ మహిళా అధ్యాపకురాలు అధ్యక్షత వహించాలి. సభ్యుల్లో సగం మందైనా మహిళలు ఉండాలి, బయటి వ్యక్తి ఒకరు ఉండాలి. విద్యార్థుల వ్యవహారమైతే ముగ్గురు విద్యార్థులూ కూర్చోవాలి. ఫిర్యాదుకు మూడు నెలల గడువు, కారణముంటే మరో మూడు నెలలు. పోలీసు కేసుకు ఈ గడువుతో సంబంధం లేదు. తల్లిదండ్రులు గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకొకటుంది. విచారణ నడుస్తున్నప్పుడు అవతలి వ్యక్తి ఆమె పేపర్లు దిద్దకుండా ఆపవచ్చు, ఆమెకు నష్టం లేకుండా మూడు నెలల దాకా సెలవు ఇవ్వవచ్చు. అంటే చదువు ఆగకుండా ఉండే దారి నియమాల్లోనే ఉంది!

కాగితం మీద కమిటీ ఉంటే సరిపోదు. గోవా యూనివర్సిటీలో ఒక విభాగాధిపతి మీద విద్యార్థినులు 2009లో ఫిర్యాదు చేశారు, ఆయన్ని తొలగించారు. 2023లో సుప్రీంకోర్టు ఆ తొలగింపును పక్కన పెట్టి, విచారణను మళ్లీ కమిటీకే పంపింది. కారణం, కమిటీ హడావుడిగా విచారణ ముగించి ఆయనకు చెప్పుకునే అవకాశం సరిగా ఇవ్వలేదు. ఫిర్యాదు చేసిన అమ్మాయిలకు పద్నాలుగేళ్ల తర్వాత కథ మొదటికొచ్చింది! కమిటీవాళ్లకు పని రాకపోతే నష్టపోయేది ఎవరో చూడండి.

బాయిలో దిగేవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. కప్పు కూలాక పరుగెత్తడం కాదు, ముందే కర్రతో తట్టి చప్పుడు వింటారు. గనిలో సేఫ్టీ కమిటీ ఉంటుంది, అందులో ఎవరున్నారో కార్మికులకు తెలుస్తుంది. మరి రూపాయి రూపాయి కూడబెట్టి పిల్లను పంపే కాలేజీలో అలాంటి కమిటీ ఉందా అని ఎంతమందిమి అడిగాం? మెస్ బిల్లు అడుగుతాం, ప్లేస్‌మెంట్లు అడుగుతాం.

అన్నట్టు, అదే రైల్లో మన కొడుకులూ వెళ్తున్నారు. 'పైలం' అనే మాట వాళ్లకు ఇంకో అర్థంలో చెప్పాలి. ఆమె వద్దంటే వద్దనే అర్థమని, మౌనంగా ఉంటే ఒప్పుకున్నట్టు కాదని, పక్కవాడు ఫోన్లో వీడియో చూపిస్తే నవ్వి ముందుకు పంపడం కూడా నేరమేనని. వాడి చెవిన ఈ సంగతి తండ్రి నోటి నుంచే పడితే బాగుంటుంది. అమ్మలే చెప్పుకుంటూ వచ్చారు ఇన్నాళ్లూ.

ఈసారి అడ్మిషన్‌కు వెళ్లినప్పుడు ఆఫీసులో కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు అడగండి. నోటీసు బోర్డు మీద ఉన్నాయేమో చూడండి. 'అవన్నీ మాకు తెల్వదు' అని గుమస్తా అంటే గొడవ పడొద్దు. తెల్ల కాగితం మీద ప్రిన్సిపాల్ పేరిట నాలుగు ముక్కలు రాసి ఇచ్చి, నకలు మీద స్టాంపు, తేదీ వేయించుకుని ఫీజు రసీదు పక్కనే దాచుకోండి.