దాని వల్ల ఉపయోగం ఏంటి?

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్తే మా పిన్ని నాకో పని అప్పజెప్పింది. "ఎమ్మెస్సీ అయ్యాక వీడు పీహెచ్‌డీ అంటున్నాడు. నువ్వైనా చెప్పు నాన్నా, నీలాగా సాఫ్ట్‌వేర్‌లోకి రమ్మని." నేనూ పెద్దమనిషిలా ఫోజు పెట్టి తమ్ముణ్ణి మేడ మీదకి తీసుకెళ్ళా.

"ఇంతకీ దేని మీద చేస్తావురా?"

"సమేరియం సల్ఫైడ్ అన్నయ్యా."

"దాని వల్ల ఉపయోగం ఏంటి?"

ఇక వాడు అందుకున్నాడు. సమేరియం అనే రేర్ ఎర్త్ లోహం, గంధకం కలిసిన నల్లటి సెమీకండక్టర్ అది. దాన్ని సుమారు 6.5 కిలోబార్ల ఒత్తిడితో (గాలి పీడనానికి ఆరు వేల రెట్ల పైమాటే) నొక్కితే ఉన్నట్టుండి బంగారు రంగుకి తిరిగి, లోహంలా ప్రవర్తిస్తుంది. పరమాణువుల అమరిక మారదు, దగ్గరికి జరుగుతాయంతే. సమేరియం లోపలి కక్ష్యలో కదలకుండా కూర్చున్న ఎలక్ట్రాన్ బయటికొచ్చి కరెంటు మోస్తుంది. గట్టిగా గీకినా చాలట, పైపొర పసుపు తేలుతుంది!

1970లో బెల్ ల్యాబ్స్ నుంచి ఈ సంగతి ప్రకటించినవాళ్ళలో ఇద్దరు మనదేశం వాళ్ళే: జయరామన్, వెంకటేశ్ నారాయణమూర్తి. జయరామన్ అంతకుముందు బెంగళూరులో సి.వి.రామన్ దగ్గర పనిచేశారు.

సరే, ఉపయోగం? ఒత్తిడి కొలిచే సెన్సార్లకి వాడి చూశారు. 2012లో ఐబీఎం పరిశోధకులు, దీని తోబుట్టువు లాంటి సమేరియం సెలినైడ్‌ని నొక్కి వదులుతూ నడిచే ట్రాన్సిస్టర్‌ని ప్రతిపాదించారు. 2005 ప్రాంతం నుంచి ప్రాసెసర్ల క్లాక్ స్పీడు వేడి దెబ్బకి దాదాపు ఆగిపోయింది కదా, తక్కువ వోల్టేజీతో పనయ్యే దారి వెతికారన్నమాట. అది మన లాప్‌టాపుల్లోకి ఇంకా రాలేదు. రాకపోవచ్చు కూడా.

అయినా నేననేది ఏంటంటే... 1970లో లాభం లెక్కేసుకోకుండా ఎవరో నొక్కి చూశారు కాబట్టే 42 ఏళ్ళ తర్వాత ఇంకొకరికి ఒక ఆలోచన దొరికింది. మూణ్ణెల్లకోసారి రిజల్ట్ చూపించే ఉద్యోగాలు చేసి చేసి, మనం అదే కొలబద్దతో అన్నిటినీ కొలుస్తున్నాం.

పిన్ని భయం తప్పని అనను. ఐదారేళ్ళు, చాలీచాలని స్టైపెండ్, తర్వాత ఉద్యోగం గ్యారంటీ లేదు. కానీ ఆ భయం డబ్బు గురించి, చదువు గురించి కాదు. డబ్బు సంగతి నాలాంటివాడు కాస్త ఆదుకోవచ్చు. "వాణ్ణి చదవనీ పిన్నీ, ఇంటి ఖర్చుల్లో నేనూ ఓ చెయ్యి వేస్తా" అన్నా.

అప్పట్నుంచీ పిన్ని నా ఫోనెత్తట్లేదు. మీరైతే ఏం చెప్పేవారు?