సూదులు వద్దనను, గోలీ ఆపమంటేనే ఘుస్సా

మా ఖాలాకి వుజూ అంటే భయం పట్టుకుంది. నీళ్లు కుడి చెంపకి తగిలాయంటే కరెంటు కొట్టినట్టు దర్ద్. నిఖాబ్ అంచు రాసుకున్నా, ఒక్క నివాలా నమిలినా అంతే. పన్ను నొప్పేమోనని రెండు దవడ పళ్లు పీకించాం. పళ్లు పోయాయి, దర్ద్ ఉండిపోయింది. చివరికి న్యూరాలజిస్టు దాని పేరు చెప్పారు: ట్రైజెమినల్ న్యూరాల్జియా. కార్బమాజెపైన్ గోలీ రాశారు. వారం తిరిగేసరికి ఖాలా రోటీ తిన్నది, అల్‌హందులిల్లాహ్.

అప్పుడు దిగారు మన రిష్తేదారులు. "ఇంగ్లీషు మందులెందుకు, పాతకాలం ఇలాజ్ మేలు, చీనీ సూదులు వేయించండి" అని. ఆ సూదులాయన చెంపలో, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యన గుచ్చి, గోలీ బంద్ చేయమన్నాడు. మొదటి నెల ఆరామ్. ఇంటిల్లిపాదీ సుబ్‌హానల్లాహ్ అన్నాం, నేను కూడా. రెండో నెల సహరీలో పాలు గుటక వేయలేక ఖాలా ఏడ్చింది.

నా ఝగ్డా ఇక్కడే. ఈ మర్జ్ తనంతట తనే నెలల తరబడి పడుకుంటుంది, మళ్లీ లేస్తుంది. అది పడుకున్నప్పుడు ఎదురుగా ఎవరుంటే వాళ్లే హకీమ్! సూదుల మీద చైనాలో తజ్రుబాలు చాలానే జరిగాయి, దర్ద్ తగ్గిందని కొన్నింట్లో రాశారు కూడా. కానీ చాలా వరకు చిన్నవి, కచ్చితంగా నమ్మదగ్గవి కావు. వాటిని చూపించి గోలీ మాన్పించడం జుల్మ్. అది ఒక్కసారిగా ఆపే మందు కాదు. దానికీ ఐబులున్నాయి, ఒప్పుకుంటా: మత్తు, తూలుడు, రక్తంలో సోడియం పడిపోవడం. అందుకే డాక్టరు టెస్టులు రాసేది.

పాతకాలం అంటారా? సుమారు 900 ఏళ్ల కింద హకీమ్ ఇస్మాయిల్ జుర్జానీ, ముఖంలో ఒకవైపే వచ్చే దర్ద్ గురించి రాస్తూ, నరానికి రక్తనాళం దగ్గరగా ఉండటాన్ని సబబుగా చూపారు. ఇవాళ ఎంఆర్‌ఐలో వెతికేది చాలాసార్లు అదే. గోలీకి లొంగనివాళ్లకి ఆపరేషన్ చేసి ఆ నాళాన్ని నరం మీంచి పక్కకి తప్పిస్తారు. మన బుజుర్గులు సబబు అడిగారు. మా ఇంట్లో ఆ సూదులాయన్ని ఒక్కరూ అడగలేదు.

ఖాలా మళ్లీ గోలీ మీదే ఉంది. గోరువెచ్చని నీళ్లతో వుజూ చేస్తోంది. సూదులకీ వెళ్తానంటే ఆటో నేనే మాట్లాడతా, గోలీ డబ్బా మాత్రం నా చేతిలోనే.