ఎంపీ4 తర్వాత చేసుకోవచ్చు, ముందు ఐఎస్ఓ తీయండి

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు 2007లో జరిగిన మా తాతయ్య షష్టిపూర్తి వీడియో పెట్టుకుని అందరం చూస్తున్నాం. పెన్‌డ్రైవ్ టీవీకి పెట్టాం. భోజనాల సీన్ దగ్గర ఠక్కున అయిపోయింది. నాయనమ్మ అడిగింది: "నానీ, చివర్లో మీ తాతయ్య మైకు పట్టుకుని మాట్లాడారు కదరా, అదేది?"

అది లేదు. ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్నది, చాలా ఏళ్ల కిందట నాన్న ఒక షాపులో డీవీడీలు ఇచ్చి ఎంపీ4గా మార్పించిన ఫైల్. రెండో డిస్కు చివర్లో కన్వర్టర్ చదవలేకపోయింది, వచ్చినంత వరకు ఫైల్ చేసి ఇచ్చేశారు. మేం కూడా చివరిదాకా చూసుకోలేదు. తాతయ్య పోయి ఆరేళ్లయింది. ఆయన మాటలు రికార్డైన చోటు అదొక్కటే.

ఆ రోజు నుంచి నా అభిప్రాయం ఒకటే. ఇంట్లో పాత డీవీడీలుంటే ముందు డిస్క్ ఇమేజ్ తీయాలి. ఎంపీ4, యూట్యూబ్ అన్‌లిస్టెడ్, వాట్సాప్ క్లిప్పులు అన్నీ ఆ తర్వాతే.

ఎంపీ4 ఎందుకు చాలదు?

మన పెళ్లి డీవీడీల్లో ఉండేది ఎంపెగ్-2 వీడియో, సాధారణంగా 720×576 రిజల్యూషన్. అసలే తక్కువ. దాన్ని మళ్లీ కంప్రెస్ చేస్తే క్వాలిటీ ఇంకాస్త పోతుంది. పోయింది తిరిగి రాదు. మెనూ, చాప్టర్లు కూడా పోతాయి. ఐఎస్ఓ అలా కాదు. డిస్కు మీద ఉన్న డేటాను సెక్టార్ తర్వాత సెక్టార్, 2,048 బైట్ల చొప్పున, ఉన్నదున్నట్టు ఒకే ఫైల్‌లో పెడుతుంది. ఐఎస్ఓ నుంచి ఎంపీ4 ఎప్పుడైనా తీసుకోవచ్చు. ఎంపీ4 నుంచి ఆ ఒరిజినల్ డిస్కు డేటా ఎప్పటికీ రాదు.

"వీడియో టీఎస్ ఫోల్డర్ కాపీ పేస్ట్ చేస్తే సరిపోదా?" అని నా ఫ్రెండ్ అడిగాడు. డిస్కు కొత్తగా ఉంటే సరిపోతుంది. కానీ అందులో ఒక్కో వీఓబీ ఫైల్ 1 జీబీ దాకా ఉంటుంది. మధ్యలో ఒక్క గీత దగ్గర ఎర్రర్ వస్తే విండోస్ ఆ ఫైల్ కాపీనే ఆపేస్తుంది. చిన్న గీతకి పెద్ద ముక్క పోగొట్టుకుంటాం.

ఇంకో విషయం. డిస్కు మీద డేటా లోపలి నుంచి బయటి అంచు వైపు రాస్తారు. మనం చేత్తో పట్టుకునేదీ, గీతలు పడేదీ, పొరలు ఊడటం మొదలయ్యేదీ ఎక్కువగా ఆ అంచు దగ్గరే. అంటే నిండా రాసిన డిస్కులో ముందు పోయేది ఫంక్షన్ చివరి భాగం. అప్పగింతలు, ఆశీర్వచనాలు, తాతయ్య మాటలు.

ఏ టూల్ వాడాలి?

విండోస్ 8 నుంచి ఐఎస్ఓ మీద డబుల్ క్లిక్ చేస్తే చాలు, డ్రైవ్‌లా మౌంట్ అవుతుంది. ఖాళీ డిస్కు మీద బర్న్ కూడా చేస్తుంది. కానీ డిస్కు నుంచి ఐఎస్ఓ తయారుచేసే ఆప్షన్ మాత్రం అందులో ఇవ్వలేదు. ఇది నాకు ఇప్పటికీ అర్థం కాని విషయం. మ్యాక్‌లో డిస్క్ యుటిలిటీ ఆ పని చేస్తుంది, డీవీడీ/సీడీ మాస్టర్ ఫార్మాట్ ఎంచుకుంటే సరి.

విండోస్‌లో నా ఓటు ఇమ్‌జీబర్న్‌కే. చివరి వెర్షన్ 2.5.8.0, వచ్చింది 2013లో. లుక్ చూస్తే పాతకాలం సాఫ్ట్‌వేర్ అని తెలిసిపోతుంది. అయినా డబ్బులు అడగదు, పని తప్పకుండా చేస్తుంది. "క్రియేట్ ఇమేజ్ ఫైల్ ఫ్రమ్ డిస్క్" నొక్కి, రీడ్ స్పీడ్ తక్కువ పెట్టుకోండి. పాత డిస్కుల్ని మెల్లగా చదివించడమే మంచిది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మాత్రం ప్రతి స్క్రీన్ చదివి నెక్స్ట్ కొట్టండి. ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పాటు అక్కర్లేనివి దూరడం కొత్తేం కాదు.

ఇందులో నాకు బాగా నచ్చింది లాగ్. ఏ సెక్టార్ చదవలేకపోయిందో నంబర్‌తో సహా చెబుతుంది. మా ఎంపీ4 ఫైల్ అన్నేళ్లూ "నేను పూర్తిగానే ఉన్నాను" అన్నట్టు మౌనంగా ఉంది. ఇమేజ్ తీసే టూల్ పోయినది పోయిందని మొహం మీద చెబుతుంది. అప్పుడే కదా మనం ఇంకో ప్రయత్నం చేసేది!

డిస్కు మొరాయిస్తే

మా పార్ట్ 2 ఇమ్‌జీబర్న్‌కి కూడా లొంగలేదు. పెన్‌డ్రైవ్‌తో ఉబుంటు బూట్ చేసి గ్నూ డీడీరెస్క్యూ వాడాను. ఇది ముందు సులువుగా వచ్చే భాగాలన్నీ లాగేసి, మొండి భాగాల్ని చివర్లో మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. రెండు విషయాలు గుర్తుంచుకోండి. సెక్టార్ సైజు 2048 అని ఇవ్వాలి, మ్యాప్ ఫైల్ పేరు తప్పకుండా ఇవ్వాలి. ఎక్కడిదాకా వచ్చిందో ఆ మ్యాప్‌లో ఉంటుంది కాబట్టి మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టొచ్చు. అంతకంటే ముఖ్యంగా, అదే ఇమేజ్‌నీ అదే మ్యాప్‌నీ ఇంకో డ్రైవ్‌తో కొనసాగించొచ్చు. ఒక డ్రైవ్ చదవలేనిది ఇంకొకటి చదవడం మామూలే.

నా యూఎస్‌బీ డ్రైవ్ రాత్రంతా కష్టపడి ఆగిపోయింది. మర్నాడు బాబాయి వాళ్లింట్లో మూలన పడున్న పాత డెస్క్‌టాప్‌లో అదే డిస్కు పెట్టాను. దాదాపు 23 లక్షల సెక్టార్లలో చివరికి మిగిలిపోయినవి సుమారు 1,400. అంటే 3 ఎంబీ కూడా కాదు.

జాగ్రత్తలు

సీడీ సైజు వీసీడీలకీ ఆడియో సీడీలకీ మామూలు ఐఎస్ఓ పనికిరాదు. వాటిలో సెక్టార్ల తీరు వేరు. వాటికి బిన్, క్యూ ఫైళ్లు తీయాలి. మన దగ్గర 2000ల మొదట్లో చాలా పెళ్లిళ్లు వీసీడీల మీదే ఉన్నాయి, అందుకే చెబుతున్నా.

నిండా ఉన్న 4.7 జీబీ డీవీడీ ఇమేజ్ ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కదు. అక్కడ ఒక ఫైల్‌కి 4 జీబీ లిమిట్. ఎక్స్‌ఫ్యాట్‌కి ఫార్మాట్ చేసుకోండి. ప్లే చేయడానికి వీఎల్‌సీ చాలు, డీవీడీ ఐఎస్ఓని నేరుగా తెరుస్తుంది, మెనూతో సహా.

ఫైల్ పేరు "న్యూ ఇమేజ్ 1" అని వదిలేయకండి. ఎవరి ఫంక్షన్, ఏ సంవత్సరం, ఎన్నో డిస్కు అని రాయండి. పక్కనే షా-256 హ్యాష్‌ని ఒక టెక్స్ట్ ఫైల్‌లో పెట్టండి. పదేళ్ల తర్వాత ఫైల్ చెక్కుచెదరకుండా ఉందో లేదో అదే చెబుతుంది. ఒక్క హార్డ్ డిస్క్‌లో ఉంటే అది బ్యాకప్ కాదు. ఇంకో కాపీ వేరే ఊళ్లో ఉన్న అక్క దగ్గరో, క్లౌడ్‌లోనో ఉండాలి. 1 టీబీ డ్రైవ్‌లో 200 డీవీడీలు పడతాయి. చుట్టాలందరివీ కలిపినా అన్ని ఉండవు.

తాతయ్య మాట్లాడింది నాలుగు నిమిషాలు. రెండు చోట్ల బొమ్మ ఆగిపోయి, చతురస్రాలుగా విరిగిపోయి, మళ్లీ కదిలింది. నాయనమ్మకి ముందే చెప్పాను, అక్కడక్కడా ఆగుతుందని. "ఆగితే ఆగిందిలేరా, గొంతు వినపడుతోందిగా" అంది.

మేం ఇంకో రెండేళ్లు ఆగుంటే అది కూడా వచ్చేదో లేదో. మీ ఇంట్లో బీరువా పైన ఆ డిస్కుల కవర్ ఉండే ఉంటుంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో డ్రైవ్ రావట్లేదు, పాత డ్రైవ్‌లు ఒక్కొక్కటీ మూలకు చేరుతున్నాయి. ఈ ఆదివారం ఎవరి దగ్గరైనా ఒక డ్రైవ్ అడిగి తెచ్చుకోండి. మొదలుపెట్టాల్సింది అన్నిటికంటే పాత డిస్కుతో.