భోజనమే మందైతే నాణ్యత చూడాల్సింది రోగి ఒక్కరేనా?

చాలా జబ్బులకు మందుల షాపులో మందు దొరుకుతుంది. సీలియాక్‌ వ్యాధికి దొరకదు. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్‌ అనే ప్రొటీన్‌ను జీవితాంతం పూర్తిగా మానేయడమే దీనికి ఇప్పటి వరకూ ఉన్న చికిత్స. మాత్ర తయారయ్యే చోట ప్రమాణాలుంటాయి, తనిఖీలుంటాయి. భోజనమే మందైనప్పుడు మాత్రం ఆ నాణ్యత చూసుకునే భారమంతా రోగి మీద, చాలా ఇళ్లలో వంట చేసే తల్లి మీద పడుతోంది. ఈ పద్ధతి మారాలి.

సీలియాక్‌ వ్యాధి మామూలు అజీర్తి కాదు, గోధుమ అలర్జీ కూడా కాదు. డీక్యూ2, డీక్యూ8 అనే జన్యు రకాలున్న వారిలో కొందరికి గ్లూటెన్‌ తిన్నప్పుడు రోగనిరోధక వ్యవస్థ చిన్నపేగు లోపలి పొర మీదే దాడి చేస్తుంది. పోషకాలను పీల్చుకునే సన్నని చూషకాలు అరిగి చదునైపోతాయి. తిన్నది ఒంటికి పట్టదు. విరేచనాలు, పొట్ట ఉబ్బరం అందరిలోనూ కనిపించవు. ఐరన్‌ మాత్రలు వాడినా తగ్గని రక్తహీనత, బలహీనపడిన ఎముకలు, పిల్లల్లో ఆగిపోయిన ఎదుగుదల మాత్రమే కొందరిలో ఆనవాళ్లు. నెదర్లాండ్స్‌కు చెందిన పిల్లల వైద్యుడు విల్లెం కారెల్‌ డిక్‌ ఈ జబ్బుకూ గోధుమకూ ఉన్న సంబంధాన్ని 1950లో తన పరిశోధన గ్రంథంలో వివరించాడు. గోధుమ మానేస్తే చాలామందిలో పేగు క్రమంగా కోలుకుంటుంది. మళ్లీ తింటే మళ్లీ దెబ్బతింటుంది.

మన దేశంలో ఈ వ్యాధి అన్ని ప్రాంతాల్లో ఒకేలా లేదు. 23,331 మంది పెద్దలను పరీక్షించి 2016లో ప్రచురించిన ఒక అధ్యయనంలో సీలియాక్‌ యాంటీబాడీలు ఉత్తరాదిలో 1.23 శాతం మందిలో, ఈశాన్యంలో 0.87 శాతం మందిలో, దక్షిణాదిలో 0.10 శాతం మందిలో కనిపించాయి. జన్యుపరమైన అనుకూలత మూడు చోట్లా ఇంచుమించు ఒకటే. గోధుమ వాడకంలో మాత్రం పెద్ద తేడా ఉంది: రోజుకు సగటున ఉత్తరాదిలో 455 గ్రాములు, ఈశాన్యంలో 37, దక్షిణాదిలో 25.

ఈ అంకెలు చూసి, అన్నం తినే తెలుగువారికి గ్లూటెన్‌ మానడం తేలికేనని అనిపించవచ్చు. సగం వరకు అది నిజం. వరి, జొన్న, సజ్జ, రాగి, కొర్ర, పప్పులు, పాలు, గుడ్లు, మాంసం, కూరగాయలు, వేటిలోనూ గ్లూటెన్‌ లేదు. ఇడ్లీ, పెసరట్టు, జొన్నరొట్టె, రాగిసంకటి, అరిసెలు, సున్నుండలు హాయిగా తినవచ్చు. చపాతీయే ప్రధాన ఆహారమైన పంజాబ్‌ లేదా హర్యానా కుటుంబానికి ఈ వెసులుబాటు లేదు.

మిగతా సగంలోనే చిక్కుంది. చపాతీ, పూరీ, బ్రెడ్డు కంటికి కనిపిస్తాయి కాబట్టి మానేయవచ్చు. సాంబారులో వేసే ఇంగువ సంగతి వేరు. బజారులో దొరికే ఇంగువ పొడిలో చాలావరకు గోధుమ పిండో మైదానో కలుస్తుంది. పెసరట్టు మంచిదే, అందులో పెట్టే ఉప్మా బొంబాయి రవ్వతో చేసింది. శనగపిండి పకోడీలో గ్లూటెన్‌ లేకపోయినా, మైదాతో చేసిన మైసూర్‌ బజ్జీ వేగిన నూనెలోనే అదీ వేగుతుంది. గోధుమలు ఆడించిన మరలోనే ఆ వెంటనే జొన్నలు ఆడిస్తే జొన్నపిండిలోకి గోధుమ పిండి చేరుతుంది. మాల్ట్‌ పానీయాల్లో బార్లీ, సోయా సాస్‌లో గోధుమ సాధారణం.

అంత కొద్ది మోతాదుతో ఏమవుతుందన్నది సహజమైన ప్రశ్నే. దానికి పరిశోధన జవాబిచ్చింది. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్‌ మూడు నెలల పాటు లోపలికి వెళ్లినా పేగు దెబ్బతింటుందని 2007లో ప్రచురితమైన ఒక ప్రయోగం చూపించింది. 30 గ్రాముల గోధుమ పిండితో చేసిన ఒక్క పుల్కాలో ఉండే గ్లూటెన్‌ సుమారు రెండున్నర గ్రాములు. అంటే హాని చేసేది అందులో యాభయ్యో వంతు మాత్రమే.

తెలుగు ఇళ్లలో ‘పథ్యం’ అనే మాటకు ఒక అలవాటైన అర్థం ఉంది: కొన్నాళ్లు ఉండేది, పండగలకూ పెళ్లిళ్లకూ కాస్త సడలించుకునేది. సీలియాక్‌ రోగికి అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది. సత్యనారాయణ వ్రతంలో గోధుమ రవ్వ ప్రసాదం వద్దంటే పెద్దలు నొచ్చుకుంటారు. పెళ్లి పంక్తిలో బొబ్బట్టు వద్దంటే ‘ఒక్క ముక్కకేం కాదులే’ అంటారు. పిల్లలైతే స్నేహితుడి పుట్టినరోజు కేకు ముందు ఒంటరివాళ్లవుతారు. అక్కడ రోగికి కావలసింది మనోనిబ్బరం గురించి ఉపదేశం కాదు, పళ్లెంలో వాళ్లు తినగలిగినది ఇంకోటి. ప్రసాదంగా ఒక అరటిపండు చాలు.

అరుదైన జబ్బు కోసం అందరూ పద్ధతులు మార్చుకోవాలా అని కొందరు అడుగుతారు. అడుగుతున్నది పెద్ద మార్పేమీ కాదు. గ్లూటెన్‌ రహితమని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించకూడదన్న నిబంధన మన దేశంలో ఇప్పటికే ఉంది. ప్యాకెట్ల మీద గోధుమ వంటి ధాన్యాల వివరం ముద్రించడమూ తప్పనిసరే. లేబుల్‌ లేని చోటనే ఖాళీ ఉంది: పిండి మర, టిఫిన్‌ సెంటర్‌, కర్రీ పాయింట్‌, హాస్టల్‌ మెస్‌. మరలో చిరుధాన్యాలకు విడిగా ఒక యంత్రం, మెస్‌లో విడిగా ఒక గిన్నె, గరిటె, ‘ఇందులో గోధుమ ఉంది’ అని చెప్పగలిగే వంటమనిషి ఉంటే చాలా దూరం వెళ్లినట్టే. అంగన్‌వాడీల్లో పసిపిల్లలకిచ్చే బాలామృతంలో ప్రధాన దినుసు వేయించిన గోధుమ. అత్యధిక పిల్లలకు అది మంచి ఆహారమే. సీలియాక్‌ ఉన్న బిడ్డకు మాత్రం దాని బదులు రాగితోనో వరితోనో చేసింది అందాలి. ఇటలీ 2005లోనే చట్టం చేసి, పాఠశాలల్లో, ఆసుపత్రుల్లో గ్లూటెన్‌ రహిత భోజనాన్ని రోగుల హక్కుగా గుర్తించింది. చిరుధాన్యాలను ఇంతగా ప్రోత్సహిస్తున్న మన దేశానికి, వాటిని గోధుమ సోకకుండా అమ్మడం అలవిమాలిన పని కాదు.

ఇంకో వైపు, గ్లూటెన్‌ మానడం కొందరికి ఫ్యాషన్‌గా మారింది. బరువు తగ్గుతామని మానేసేవాళ్లను చూసి, నిజమైన రోగి చెప్పే మాటనూ హోటల్‌వాళ్లు తేలిగ్గా తీసుకుంటున్నారు. అనుమానం ఉన్నవాళ్లు పరీక్షకు ముందే గోధుమ మానేయడం కూడా పొరపాటే. యాంటీబాడీ రక్తపరీక్షా, పేగు బయాప్సీ గోధుమ తింటున్నప్పుడే సరైన ఫలితమిస్తాయి. నిర్ధారణ అయ్యాక డాక్టరు, ఆహార నిపుణుల సలహా తప్పదు. ఎందుకంటే గ్లూటెన్‌ రహిత బిస్కెట్లు, బ్రెడ్లు ఖరీదైనవి, వాటిలో చాలావరకు పీచు, ఐరన్‌ తక్కువ. వాటి కంటే ఇంటి జొన్నరొట్టె, పప్పు, ఆకుకూరే మేలు.

ఈ వ్యాధి ఉన్నవాళ్లు నియమం పాటించగలరు. రోజుకు మూడు పూటలా, ఏడాదికి 365 రోజులూ పాటిస్తున్నవాళ్లు మన చుట్టూ ఉన్నారు. వాళ్లు ఏం తినకూడదో వాళ్లకు తెలుసు. తమ చేతి వంటలో ఏముందో నిజం చెప్పాల్సింది మిగతా వాళ్లు.