పసివాళ్ల గదికి నాపరాయే నయం

ధౌలా కువాన్ అంటే తెల్ల బావి. ఇప్పుడా పేరు వింటే ఢిల్లీ వాళ్లకు గుర్తొచ్చేది మాత్రం రింగ్ రోడ్డూ, గుర్‌గావ్ వైపు వెళ్లే జాతీయ రహదారీ కలిసేచోట పగలూ రాత్రీ ఆగని వాహనాలు. తెలుగువాళ్లకైతే తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో నెలకొల్పిన శ్రీ వెంకటేశ్వర కళాశాల కూడా. ఇలాంటి కూడలి దగ్గరి ఇళ్లలో పొద్దున తుడిచిన కిటికీ గట్టు మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. పిల్లల పడకగదికి ఏ నేల వేయించాలన్న ఆలోచన ఆ దుమ్ము దగ్గర మొదలవ్వాలి. దుకాణాల్లో మాత్రం అది రంగుల దగ్గర మొదలవుతుంది.

పాకే పిల్ల నేలంతా తడిమి అదే చెయ్యి నోట్లో పెట్టుకుంటుంది. ఒంటి బరువుతో పోల్చి చూస్తే పెద్దలకంటే ఎక్కువ గాలి పీలుస్తుంది, అదీ నేలకు జానెడు ఎత్తులో. రోడ్డు దుమ్ములో మట్టి ఒక్కటే ఉండదు. టైర్ల, బ్రేకుల అరుగుదల పొడి ఉంటుంది. ఇంట్లో పాత రంగులు పెచ్చులూడుతుంటే సీసం కూడా చేరవచ్చు. పొడి చీపురు సన్నటి ధూళిని మళ్లీ గాల్లోకి లేపుతుంది, తడిగుడ్డ దాన్ని పట్టుకుంటుంది. అందుకే నేలకు నేను పెట్టే మొదటి పరీక్ష ఒక్కటే: రోజూ తడిగుడ్డ పెట్టినా ఏళ్ల తరబడి నిలుస్తుందా?

గోడ నుంచి గోడకు పరిచే తివాచీ ఈ పరీక్షకే కూర్చోదు. చెక్కలా కనిపించే లామినేట్ లోపల ఉండేది అదిమిన చెక్క పీచు పలక. అతుకుల్లోంచి నీరు దిగితే ఉబ్బుతుంది. నాసిరకం పలక జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ కూడా వెలువడుతుంది.

వినైల్ షీటు చవక, మెత్తన, తుడవడం తేలిక. అయినా పసివాళ్ల గదికి నేను ఒప్పుకోను. పీవీసీ స్వతహాగా గట్టి ప్లాస్టిక్. దాన్ని మెత్తబరచడానికి చాలాకాలంగా థాలేట్లు కలుపుతున్నారు. ఇవి ప్లాస్టిక్‌తో రసాయనికంగా ముడిపడి ఉండవు కాబట్టి మెల్లగా బయటికొచ్చి దుమ్ములో చేరతాయి, వేడి పెరిగితే ఇంకా ఎక్కువగా. పిల్లల గదుల దుమ్ములో కొన్ని థాలేట్లు ఎక్కువగా ఉండటానికీ ఆస్తమా, ఎగ్జిమా వంటి ఇబ్బందులకూ సంబంధం కనిపించిందని 2004లో ఒక స్వీడన్ అధ్యయనం చెప్పింది. ఇదొక్కటే కారణమని దానివల్ల రుజువు కాదు. కానీ ఐరోపా సమాఖ్య 2020 జులై నుంచి నాలుగు థాలేట్లకు చాలా వస్తువుల్లో 0.1 శాతం పరిమితి పెట్టింది. కొనేవాళ్లు కనీసం ‘థాలేట్లు లేవు’ అన్న పత్రం అడగాలి.

ఇక మిగిలినవి విట్రిఫైడ్ టైలు, కోటా రాయి. టైలు నీరు దాదాపుగా పీల్చదు, మరక పడదు. అద్దంలా మెరిసేది తడిస్తే జారుతుంది కాబట్టి గరుకు రకం తీసుకోవాలి. నా ఓటు మాత్రం కోటా రాయికే. మన తాండూరు, బేతంచెర్ల నాపరాళ్లలాగే అదీ సున్నపురాయి. రాజస్థాన్ నుంచి వస్తుంది కాబట్టి ఢిల్లీలో సులువుగా దొరుకుతుంది. అరిగితే పారేయనక్కర్లేదు, మళ్లీ పాలిష్ పట్టించుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: సున్నపురాయికి ఆమ్లం పడదు. బాత్‌రూమ్ యాసిడ్ పడితే నురగలు కక్కి మచ్చ మిగులుతుంది.

‘ఢిల్లీ చలిలో రాతినేలా?’ అంటారు. న్యాయమైన అభ్యంతరమే. కానీ ఒకే గదిలో రాయీ చెక్కా ఒకే ఉష్ణోగ్రతలో ఉంటాయి. రాయి పాదంలోని వేడిని వేగంగా లాగేస్తుంది, చెక్క నెమ్మదిగా. గది 14 డిగ్రీలు, పాదం 30 డిగ్రీలు అనుకుందాం. లెక్కవేస్తే రాయిని తాకిన క్షణంలో చర్మం దగ్గర సుమారు 20 డిగ్రీలు, చెక్కనైతే సుమారు 26 డిగ్రీలు ఉంటుంది. చలి అనిపించేది ఆ ఆరు డిగ్రీల తేడా. దీనికోసం నేల మొత్తం మార్చాలా? ఒక నూలు జంపఖానా పరిస్తే పాదానికీ రాయికీ మధ్య గాలి నిండిన పొర ఏర్పడుతుంది. మాసితే ఉతికి ఎండలో ఆరేయొచ్చు, మే నెలలో చుట్టి అటక మీద పెట్టేయొచ్చు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాలు ఇందుకు పనికొచ్చేవే. కింద జారకుండా రబ్బరు వల వేస్తే సరి.

పాత క్వార్టర్లలో మొజాయిక్ నేల ఉన్నవాళ్లు అసలు దేన్నీ కొనే ముందు దాన్ని ఒకసారి పాలిష్ పట్టించి చూడాలి. పగులగొట్టి పైన కొత్తది వేయించడం చాలాసార్లు ఫ్యాషన్ ఖర్చే. ఏ రాయైనా ఇంట్లో పొడిగా కోయనివ్వొద్దు. ఆ దుమ్ములో సిలికా ఉండొచ్చు, అది పనివాళ్ల ఊపిరితిత్తులకు చేటు. నీళ్లు పోస్తూ కోయించాలి. పని ముగిసి, గది రెండుమూడుసార్లు తడిగుడ్డతో తుడిచేవరకూ పిల్లల్ని అటు రానివ్వకూడదు.