ఆరు నెలల కుర్చీ

రాష్ట్రపతి పదవిలో ఉండగా కన్నుమూస్తే ఉపరాష్ట్రపతి ఆ బాధ్యతలు చేపడతారు. చేపడతారే గానీ రాష్ట్రపతి కారు. రాజ్యాంగం 65వ అధికరణం ఆయనకు అప్పగించేది కొత్తవారు వచ్చేదాకా కాపలా. ఆ కొత్తవారి ఎన్నిక ఆరు నెలల్లోపు జరిగి తీరాలని 62వ అధికరణం చెబుతుంది.

అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ అధ్యక్షుడు పోతే మిగిలిన కాలమంతా ఉపాధ్యక్షుడిదే. లింకన్, గార్ఫీల్డ్, మెకిన్లీ, కెనెడీ, తూటాలకు బలైన నలుగురి తర్వాతా జరిగింది ఇదే. 1865లో ఆండ్రూ జాన్సన్ ఉపాధ్యక్షుడై ఆరు వారాలే అయింది. లింకన్ రెండో పదవీకాలం దాదాపు నాలుగేళ్లూ అతని చేతికొచ్చింది. బానిసత్వం నుంచి అప్పుడే బయటపడ్డ నల్లవారికి హక్కులిచ్చే 1866 బిల్లును అతను తిప్పికొట్టాడు. కాంగ్రెస్ మళ్లీ ఓటేసి దాన్ని చట్టం చేసుకోవాల్సి వచ్చింది. 1963 నవంబర్ 22న డాలస్‌లో కెనెడీ హత్య జరిగిన కాసేపటికే లిండన్ జాన్సన్ విమానంలోనే ప్రమాణం చేశారు. ఆయన వదిలిన ఉపాధ్యక్ష పదవి మాత్రం పద్నాలుగు నెలలు ఖాళీగా ఉండిపోయింది. దాన్ని మధ్యలో నింపే దారి 1967 నాటి 25వ సవరణతో గానీ దొరకలేదు.

మన రాష్ట్రపతుల్లో హత్యకు గురైనవారు లేరు. పదవిలో ఉండగా మరణించినవారు ఇద్దరు: 1969 మే 3న జాకిర్ హుస్సేన్, 1977 ఫిబ్రవరి 11న ఫక్రుద్దీన్ అలీ అహ్మద్. ఈ రెండిట్లో మొదటిది దాదాపు పూర్తిగా తెలుగువాళ్ల కథ. బాధ్యతలు చేపట్టిన ఉపరాష్ట్రపతి వి.వి.గిరి బరంపురంలో పుట్టిన తెలుగువాడు. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థిగా నిలిచిన నీలం సంజీవరెడ్డిది అనంతపురం జిల్లా. గిరి స్వతంత్రంగా బరిలోకి దిగడానికి జూలై 20న రాజీనామా చేశారు. అంతకు ముందు రోజే పద్నాలుగు బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సు మీద సంతకం పెట్టారు. దేశ ఆర్థిక చరిత్రలో అంత పెద్ద కాగితం మీద పడింది ఒక తాత్కాలికుడి సంతకం! రెండు కుర్చీలూ ఖాళీ కావడంతో, ఆ ఏడాదే చేసిన చట్టం ప్రకారం సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా నెల పైచిలుకు రాష్ట్రపతి విధులు నిర్వహించారు. నిక్సన్ ఢిల్లీ వచ్చినప్పుడు ఆతిథ్యం ఇచ్చిందీ ఆయనే. ఆగస్టు పోరులో మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎవరూ గట్టెక్కలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు కలిశాక గిరికి 4,20,077, రెడ్డికి 4,05,427 విలువ దక్కింది. కాంగ్రెస్ ఆ ఏడాదే చీలిపోయింది.

1977లో బి.డి.జత్తి అయిదున్నర నెలలు ఆ బాధ్యతలో ఉన్నారు. తొమ్మిది రాష్ట్రాల శాసనసభల రద్దు ఉత్తర్వుపై సంతకానికి కాస్త వెనకాడి, చివరికి పెట్టేశారు. ఆ జూలైలో వచ్చిన కొత్త రాష్ట్రపతి, పోటీ లేకుండా గెలిచిన సంజీవరెడ్డే.

ఉపరాష్ట్రపతి అంటే కాబోయే రాష్ట్రపతి అన్న భ్రమ నెల్లూరు జిల్లా వెంకటాచలం మండలంలో కాస్త ఎక్కువ. దానికి కారణమూ ఉంది. తొలి ఉపరాష్ట్రపతి రాధాకృష్ణన్ తిరుత్తణివాడైనా ఆయన ఇంటిపేరు ఈ మండలంలోని సర్వేపల్లిది. ఆయన రాష్ట్రపతి అయ్యారు. పదమూడో ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడి సొంతూరు ఇదే మండలంలోని చవటపాళెం, ఆయన కాలేదు. 2022 నాటి ఆ నిరాశ ఇక్కడ ఇంకా నిష్ఠూరంగానే వినిపిస్తుంది. కానీ 1997లో కె.ఆర్.నారాయణన్ తర్వాత ఉపరాష్ట్రపతుల్లో రాష్ట్రపతి అయినవారే లేరు. మెట్టు అనుకున్నది మెట్టు కాకుండా పోయి పాతికేళ్లు దాటింది.

కాకపోవడమే మంచిది. రాష్ట్రపతి ఎన్నికలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ్యుడి ఓటు విలువ 159. సర్వేపల్లి నియోజకవర్గం వేసే ఆ 159 ఉపరాష్ట్రపతి ఎన్నికలో సున్నా, ఎందుకంటే అక్కడ ఓటు ఎంపీలకే. రాష్ట్రాల మాట వినకుండా ఎన్నికైన వ్యక్తికి అయిదేళ్ల పదవిని మరణం చేతుల మీదుగా అప్పగించడం న్యాయం కాదు. ఆరు నెలల గడువు పెట్టిన వాళ్లకు ఈ లెక్క తెలుసు. తెలియనట్టు వదిలేసింది ఇంకోటి. ఉపరాష్ట్రపతి పదవే మధ్యలో ఖాళీ అయితే గడువేమీ లేదు, ‘వీలైనంత త్వరగా’ అన్న మాట తప్ప. 2025 జూలై 21న ధన్‌ఖడ్ రాజీనామా చేశాక సి.పి.రాధాకృష్ణన్ ప్రమాణం చేసేదాకా ఏడు వారాలకు పైగా దేశానికి ఉపరాష్ట్రపతి లేరు. ఆ పదవి పనేమిటని అడిగేవాళ్లకు అదొక ఆయుధం దొరికినట్టయింది.

ఢిల్లీకి కనీసం రాసిపెట్టిన పద్ధతి ఉంది. రాష్ట్రాలకు అదీ లేదు. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ నల్లమలలో కూలింది. మర్నాడు ఆర్థిక మంత్రి రోశయ్య ప్రమాణం చేశారు. ఆయన ఆ వరుసలో ఎలా వచ్చారని రాజ్యాంగాన్ని అడిగితే జవాబు ఉండదు. 164వ అధికరణం ముఖ్యమంత్రిని గవర్నర్ నియమించాలంటుంది, అంతే. ఒకపక్క సంతాపం, మరోపక్క రాజశేఖరరెడ్డి కొడుకు జగన్‌ను ముఖ్యమంత్రిని చేయాలంటూ శాసనసభ్యుల సంతకాలు! రోశయ్య పద్నాలుగు నెలలు ఆ నీడలోనే నెట్టుకొచ్చారు. ఆ అనుభవం నుంచి నేర్చుకున్నది ఉపముఖ్యమంత్రులను పెంచడం. 2019లో ఆంధ్రప్రదేశ్‌కు అయిదుగురు ఉపముఖ్యమంత్రులు, ప్రతి సామాజిక వర్గానికీ ఒక కుర్చీ లెక్కన. ముఖ్యమంత్రికి ఏమైనా అయితే ఆ అయిదుగురిలో ముందు ఎవరన్న ప్రశ్నకు చోటే లేదు, ఎందుకంటే ఆ హోదా రాజ్యాంగంలో లేనే లేదు. ఉపప్రధాని దేవీలాల్ కేసులో 1990లోనే సుప్రీంకోర్టు ఆ పేరు వట్టి వర్ణన అనేసింది. 2024 ఫిబ్రవరిలో ఉపముఖ్యమంత్రుల మీద వేసిన వ్యాజ్యాన్నీ అదే మాట చెప్పి కొట్టేసింది: చట్టం దృష్టిలో వాళ్లు మంత్రులే.